కావలిల్లు, పాలపొంగు

2147 నాటికి అంగారకుడి మీద, కొత్త కడియంలో, ఇల్లు కొనేవాళ్ల కోరికలకు అంతులేకుండా పోయింది. వంటగట్టు తూర్పుకే ఉండాలి, ఆవకాయ జాడీలకు అటక ఉండాలి, వీధివైపు అరుగు ఉండాలి. పీల్చడానికి గాలే లేని వీధిలో అరుగెందుకని అడిగితే మూతులు ముడిచేవాళ్లు.

ఇంజినీరు హైమావతి అవన్నీ ఇచ్చి, అడగనిది ఒకటి చేర్చింది. దాని పేరు కావలిల్లు. గోడల్లో పొదిగిన సెన్సర్లు, అంటే స్పర్శకణాలు, ప్రమాదాన్ని ముందే పసిగట్టి ఆపేస్తాయి. నిప్పు రాజుకోదు, నీళ్లు ఒలకవు, లోపలి గాలి బయటికి పోదు. అలాంటి మొదటి ఇల్లు సుభద్రమ్మ కుటుంబానిది. ఆవిడ వద్దంటే రెండోది కట్టేది లేదని పైవాళ్లు తేల్చేశారు.

గృహప్రవేశం రోజు పాలగిన్నె కరెంటు పొయ్యి మీద పెట్టారు. సరిగ్గా పొంగబోయే ముందు పొయ్యి ఆగిపోయింది.

“ఒలికే ప్రమాదం నివారించబడింది,” అంది ఇల్లు.

నాలుగుసార్లు వెలిగించారు. నాలుగుసార్లూ అదే మాట.

“ముహూర్తం ఇంక ఆరు నిమిషాలే ఉందమ్మా ఇంజినీరమ్మా. పాలు పొంగని ఇల్లు మాకొద్దు,” అంది సుభద్రమ్మ.

“పొంగొక్కటీ వదిలెయ్యమంటే దీనికి తెలీదండి మామ్మగారూ. నిద్రపుచ్చితే మొత్తం నిద్రపుచ్చాలి.”

“పడుకోబెట్టెయ్. పొద్దుట్నించీ దాని నస వినలేక చస్తున్నాం.”

ఇష్టం లేకపోయినా హైమావతి మీట నొక్కింది. ఇల్లు నిద్రపోయింది. ఇక పొయ్యిని చేత్తో వెలిగించాలి. ఆమె వంగి పొయ్యి మీట కోసం వెతుకుతుండగానే పాలు బుసబుసా పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

హైమావతి కొట్టలేదు. పొయ్యి ఇంకా వెలగనేలేదు. చెవులు దిబ్బడేశాయి. గాలి ఒత్తిడి పడిపోతే పాలు తక్కువ వేడికే మరుగుతాయని ఆమెకు తెలుసు.

తలుపు దగ్గరికి పరుగెత్తింది. సుభద్రమ్మ కొడుకు బులిరాజు కట్టిన మామిడి తోరణం తలుపు రబ్బరంచులో ఇరుక్కుంది. మెలకువగా ఉన్నంతసేపూ ఇల్లు ఆ అంచును బిగించి పట్టుకుంది. ఇప్పుడు పట్టుకునేవాళ్లు లేరు. ఆకులు రెపరెపలాడుతూ గాలి బయటికి పోతోంది.

“కత్తి ఇవ్వండి, తోరణం కొయ్యాలి.”

“ముహూర్తం వేళ తోరణం కోస్తారేంటండీ?” అని అడ్డు నిలబడ్డాడు బులిరాజు.

“కొయ్యకపోతే దండలు మనకి పడతాయండి.”

అప్పటికే అతనికి ఆయాసం మొదలైంది. కత్తి తనే తెచ్చాడు. ఆమె తాడు కోసి, రెండు చేతులా ఆకులు పీకింది. రబ్బరు చప్పున అతుక్కుంది. కళ్లు చీకట్లు కమ్ముతుండగా తడుముకుంటూ వెళ్లి ఇంటిని లేపింది. గోడల్లోంచి గాలి ఈల వేస్తూ వచ్చింది.

హైమావతి ఏదీ దాచలేదు. పాలు ఎందుకు పొంగాయో, ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పి, తలవంచుకు నిలబడింది.

సుభద్రమ్మ ముక్కున కారే రక్తాన్ని కొంగుతో అద్దుకుంటూ అడిగింది.

“అయితే పొయ్యి లేకుండానే పొంగాయంటావు?”

“అవునండి.”

“ఇల్లు తీసుకుంటున్నాం.”

వారం తిరగకుండా నలభై కుటుంబాలు కావలిల్లు కావాలని రాశాయి. వంటగట్టు, అటక, అరుగు కిందికి దిగిపోయాయి. అన్ని జాబితాల్లోనూ మొదటి కోరిక ఒకటే, సుభద్రమ్మగారింట్లో లాంటి గాలి కారే తలుపు. ఒకాయన మాత్రం, తమ తోడల్లుడి తలుపుకంటే తమది కాస్త ఎక్కువ కారాలని ప్రత్యేకంగా రాయించాడు.