వెళ్లొస్తా

మా చెల్లెలికి ఒక పద్ధతి ఉంది. పక్కసీటు బెల్టు ‘టక్’మనేదాకా కారు స్టార్ట్ చేయదు. నేను రోజూ మర్చిపోతాను. తను తాళంచెవి పట్టుకుని బొమ్మలా కూర్చుని, టక్ వినపడలేదక్కా అంటుంది. అంతే, ఇంకో మాట ఉండదు.

పాతకాలం తోటలు తిప్పి చూపించడం మా ఇద్దరి వ్యాపారం. నాలుగు రోజులు, ఏడు తోటలు. ముందు మా భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి పెన్సిల్‌తో దారి గీస్తాను. జనాన్ని తీసుకెళ్లే ముందు మేమిద్దరమే ఆ దారంతా ఒకసారి తిరుగుతాం. తను నడుపుతుంది, నేను రాసుకుంటాను. ఎక్కడ ఎంతసేపు నడవాలి, నీడ ఎక్కడుంది, పెద్దవాళ్లు కూర్చోవడానికి బెంచీ ఉందా, ఇలాంటివన్నీ. బయల్దేరేటప్పుడు అమ్మ ఎప్పటిలాగే చెల్లెల్ని జాగ్రత్తగా తీసుకురమ్మని నాకే చెప్పింది. దానికి ముప్పై ఏళ్లొచ్చినా అమ్మకి చంటిపిల్లే.

మూడో రోజు మధ్యాహ్నం ఐదో తోటకి చేరాం. మూడు వందల ఏళ్లనాటిదట. మనిషికంటే ఎత్తుగా, గోడలా కత్తిరించిన మొక్కల వరసలు. మధ్యలో సన్నటి దారులు. తడిసిన ఆకులు కుళ్లుతున్న వాసన. ఎక్కడో కత్తెర చప్పుడు... కచక్, కచక్... మేం ఎటు తిరిగితే అటు వరస అవతలే వినిపించేది. పనివాడు మాత్రం కనపడలేదు. నేను పుస్తకంలో ‘గంటన్నర చాలు’ అని రాసుకున్నాను. చెల్లెలు మాత్రం, ఇక్కడ పిట్టలు లేవేంటక్కా అంది. అప్పుడే తెలిసింది నాకూ.

గేటు దగ్గర ముసలి తోటమాలి నిలబడి ఉన్నాడు. బయటికెళ్లే వాళ్లందరూ ‘పోతున్నా’ అని చెప్పి గడప దాటాలని, ఇక్కడి పద్ధతి అదేనని అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పెద్దాయన ముచ్చట ఎందుకు కాదనాలని ‘పోతున్నా’ అనేసి బయటికొచ్చాను. వెనకాలే చెల్లెలు కూడా నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే నాకు అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆ మాటంటే నోటి మీద కొట్టేది. నేనన్నా సరే, ఇది స్టీరింగ్ పట్టుకునే పిల్ల, అంత దూరం నడపాలి. మనసొప్పలేదు.

"ఛీ, అలా అనకూడదు. వెళ్లొస్తానని చెప్పు" అన్నాను.

"వెళ్లొస్తా తాతా" అంది చెల్లెలు.

ముసలాయన ముఖం వాడిపోయింది. తల దించుకున్నాడు.

ఆరో తోటకి గంట ప్రయాణం. సరిగ్గా గంటకి మలుపు తిరిగాం. ఎదురుగా అదే గేటు. దారి తప్పామనుకుని నవ్వుకున్నాం. మ్యాపు ఒళ్లో పెట్టుకుని ఒక్కో మలుపూ నేనే చెప్పాను. మళ్లీ అదే గేటు. ఈసారి ఎవరం నవ్వలేదు. నాకు లైసెన్సుంది గానీ ధైర్యం తక్కువ. అయినా ఈసారి నేనే నడిపాను, వచ్చిన దారినే ఇంటివైపు తిప్పాను. చెల్లెలు పక్కన కూర్చుని నా చున్నీ కొంగు గట్టిగా పట్టుకుంది. పొద్దు వాలుతోంది. మలుపు తిరిగాను...

గేటు. బార్లా తెరిచి ఉంది.

చెల్లెలు బెల్టు తీసేసింది. "ఆ తాతని దారి అడిగొస్తానక్కా" అంది. వద్దన్నాను. చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే దిగిపోయింది. తను లోపలికి అడుగు పెట్టగానే గేటు దానంతటదే మూసుకుంది. చప్పుడు కూడా కాలేదు.

పరుగెత్తాను. ముసలాయన గేటు బయటే, కత్తెర పక్కన పెట్టుకుని మట్టిలో చతికిలబడి ఉన్నాడు.

"వెళ్లొస్తానన్న వాళ్లని ఈ తోట నమ్ముతుందమ్మా. వచ్చేదాకా ఎదురుచూస్తుంది" అన్నాడు. చెల్లెలు బయటికి రావాలంటే ఏం చేయాలని కాళ్లావేళ్లా పడ్డాను. ఆ అమ్మాయి నోటితోనే ‘పోతున్నా’ అనిపించమన్నాడు. ఆ ఒక్క మాట చాలట.

చెల్లెలు ఊచల అవతలికి వచ్చి నిలబడింది. జుట్టులో ఆకులు. ఇంతలోనే అన్ని ఆకులెలా చిక్కుకున్నాయి?

"అనవే. పోతున్నానని ఒక్కసారి అను."

నా వంక జాలిగా చూసింది. "నువ్వేగా అక్కా, అలా అనకూడదన్నావు."

నేను తప్పు చెప్పానన్నాను. అమ్మ మీద ఒట్టేశాను. ఏడ్చాను. ఊచల్లోంచి చెయ్యి పెట్టి దాని చెంప మీద కొట్టాను కూడా. చల్లగా ఉంది ఆ చెంప. అడిగిన ప్రతిసారీ బుద్ధిగా, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టు, వెళ్లొస్తా అనే అంది. ఫోన్ మోగింది. అమ్మ. చెల్లి ఏదే, దాని ఫోన్ కలవట్లేదు అంది. కారు నడుపుతోందని అబద్ధమాడి పెట్టేశాను.

"చీకటి పడుతోంది. నువ్వు పో అక్కా" అంది చెల్లెలు మెల్లగా.

అది నా వల్ల కాదు. తాళం బద్దలుకొడదామంటే గేటుకి తాళమే లేదు. కారుతో గుద్దేయాలి, అంతకంటే వేరే దారి తోచలేదు. ముసలాయన వైపు తిరిగాను, చెల్లెల్ని పక్కకి జరగమని చెప్పమందామని. ఆయన లేడు. కత్తెర మాత్రం మట్టిలో ఉంది.

కార్లో కూర్చుని తలుపులన్నీ వేసుకున్నాను. లైట్లు వేశాను. వెలుగులో చెల్లెలు స్పష్టంగా కనిపించింది. తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దన్నట్టు. తను చూస్తున్నది నన్ను కాదు. నా పక్కకి.

తాళంచెవి పట్టుకున్నాను. కార్లోకి తడి ఆకుల వాసన వచ్చింది...

పక్కసీటు బెల్టు ‘టక్’మంది.

చెల్లెలి రెండు చేతులూ గేటు ఊచల మీదే ఉన్నాయి.