ఫ్రిజ్ వెనకాల మనిషి

టక్... టక్... టక్.

వంటగదిలోంచి మళ్ళీ అదే చప్పుడు. హోంవర్క్ చేస్తున్న గడుగ్గాయి చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

ఆ పిల్లను అసలు పేరుతో బళ్ళో తప్ప ఎవరూ పిలవరు. ఇంటిల్లిపాదికీ గడుగ్గాయే. మొన్న పేరుకు తగ్గ పనే చేసింది. పక్కింటికి బీరువా అంత కొత్త ఫ్రిజ్ వచ్చింది. తమ ఇంట్లోదేమో తను పుట్టకముందుది. మోటారు ఆగినప్పుడల్లా దాని ఒళ్ళంతా వణికి టక్‌టక్‌మంటుంది.

"కొత్తది కొందామమ్మా," అంటే అమ్మ వినలేదు. "చప్పుడు చేస్తే పారేస్తామా? విప్పి చూద్దాంలే," అంది.

అందుకని గడుగ్గాయి నాలుగేళ్ళ తమ్ముడి చెవిలో ఊదింది. "ఒరేయ్ బుల్లోడా, ఫ్రిజ్ వెనకాల ఒక మనిషి ఇరుక్కుపోయాడురా. బయటికి తీయమని కొడుతున్నాడు." వాడు ఏడ్చి రాగాలు పెడితే కొత్త ఫ్రిజ్ వస్తుందని ఆశ.

వాడు ఏడవలేదు. కళ్ళు ఇంతింత చేసుకుని "పాపం" అన్నాడు, అంతే.

ఇవాళ సాయంత్రం మబ్బు పట్టి, లైటు వేయకముందే ఇల్లంతా చీకటైంది. అమ్మ మేడ మీద బట్టలు తీస్తోంది. గడుగ్గాయి మెల్లగా వంటగదిలోకి తొంగి చూసింది.

బుల్లోడు గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య సందులో మొహం పెట్టి గుసగుసలాడుతున్నాడు.

"బిస్కెట్ తిన్నావా? ఇంకోటి కావాలా?"

టక్. టక్.

"కావాలంట అక్కా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

గడుగ్గాయి మెల్లగా వాడి వెనక్కి వచ్చింది. ఆ కథ అల్లింది తనే. అయినా సందులోకి తొంగి చూడకుండా ఉండలేకపోయింది. సందులో బిస్కెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకదాన్ని ఎవరో సగం కొరికారు.

"అమ్మా!"

ఆ కేకకు అమ్మ బట్టలతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఫ్రిజ్... టక్‌టక్‌మంటోంది," అని మాత్రం చెప్పగలిగింది గడుగ్గాయి.

"రేపు దాని సంగతి చూద్దాం," అంది అమ్మ.

మరునాడు పొద్దున బుల్లోడు పక్కింట్లో ఆడుకుంటుంటే, అమ్మ ప్లగ్ తీసి ఫ్రిజ్‌ను ముందుకు లాగింది. వెనక మూత విప్పింది. గడుగ్గాయి టార్చ్ పట్టుకుంది.

"ఇదిగో, మోటారు కింద రబ్బరు పొడిపొడి అయిపోయింది. మోటారు ఊగి రేకుకు తగులుతోంది. అవునూ, ఈ బిస్కెట్లేంటే? ఎలుకలకు విందా?"

గడుగ్గాయి టార్చ్ వెలుగును చటుక్కున మోటారు మీదికి తిప్పేసింది. అమ్మ పాత రబ్బరు చెప్పును ముక్కలుగా కోసి మోటారు కింద అమర్చింది. ఫ్రిజ్ ఉలుకూ పలుకూ లేకుండా నడిచింది.

మధ్యాహ్నం బుల్లోడు సందు దగ్గర కూర్చుని రేకు మీద కొట్టాడు. జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు. వంటిల్లంతా నిశ్శబ్దం. ఆ చప్పుడు కన్నా ఇదే గడుగ్గాయిని ఎక్కువ భయపెట్టింది.

"అక్కా," వాడి పెదవులు వణుకుతున్నాయి. "చచ్చిపోయాడా? పొద్దున నేను బిస్కెట్ పెట్టలేదు."

"అక్కడ ఎవరూ లేర్రా. నేను అబద్ధం చెప్పాను."

"ఉన్నాడు. నాతో మాట్లాడాడు!"

గడుగ్గాయికి ఏడుపు ముంచుకొచ్చింది. నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఆ రబ్బరు ముక్కలు మళ్ళీ తీసేద్దాం."

"నీకేమైనా పిచ్చా? ఇప్పుడేగా బాగైంది!"

గడుగ్గాయి జరిగిందంతా చెప్పేసింది. అమ్మ స్క్రూడ్రైవర్ దాని చేతిలో పెట్టి, తనే వెళ్ళి ప్లగ్ తీసి ఫ్రిజ్‌ను ముందుకు లాగింది.

గడుగ్గాయి మూత విప్పింది. బుల్లోడు టార్చ్‌తో మూలమూలా వెతికాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. అమ్మ రబ్బరు ముక్కలు తీసి, పిల్లల్ని దూరంగా నిలబెట్టి, ప్లగ్ పెట్టింది. కాసేపటికి మోటారు ఆగుతూ ఊగింది.

టక్. టక్.

"బతికే ఉన్నాడు!" బుల్లోడు ఎగిరి గంతేశాడు. ఆ వెంటనే మోటారు రేకుకు తగలడం చూశాడు. "కొట్టేది ఇదా అక్కా?" అన్నాడు.

అమ్మ మళ్ళీ ప్లగ్ తీసింది. మోటారు చల్లారాక గడుగ్గాయి తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి అరచేతిలో రబ్బరు ముక్క పెట్టింది.

"ఈసారి నువ్వు పెట్టరా."

బుల్లోడు బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కాడు. తర్వాత మోటారును నెమ్మదిగా నిమిరి, "ఇంక నీకు దెబ్బ తగలదులే," అన్నాడు.