మేకుకి తగిలించే ప్రొపెల్లర్

ఫొటో చూడగానే కందిరీగకి రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, తన బావ ఇక లేడు. రెండు, ఇది ప్రమాదం కాదు.

రెండో సంగతి బల్లకి అవతల కూర్చున్న మామయ్యకి ఇంకా తెలియదు. మామయ్య అంటే మేనమామ కాదు, డిపార్ట్‌మెంట్‌కి పెద్ద. రేడియోలో ఆయన్ని అలాగే పిలవాలి. పిలిచి పిలిచి ఆయన అసలు పేరు ఆఫీసులో సగంమంది మర్చిపోయారు. ఆయన కూడా మర్చిపోయాడేమోనని కందిరీగకి అనుమానం.

"నిన్న మధ్యాహ్నం జరిగింది," అన్నాడు మామయ్య. "మోడల్ విమానం మోటారు సెటప్ చేస్తుంటే ప్రొపెల్లర్ తిరిగి మెడ తెగింది. పేపర్లో మాత్రం కరెంట్ షాక్ అని వేయించాం. ఆయన మన ఇన్‌ఫార్మర్ కదా, వివరాలు ఎంత తక్కువ బయటికెళితే అంత మంచిది."

రిమోట్‌తో ఎగిరే బుల్లి విమానాలు బాగుచేసే దుకాణం బావది. ఊళ్ళో అందరికీ ఆయన ఉస్తాద్. ఆయన్ని ఈ ఇన్‌ఫార్మర్ పనిలోకి దింపింది కందిరీగే.

"సోమవారం ఆయన పంపిన మెసేజ్ ఇది." మామయ్య కాగితం తోశాడు. *ఆదివారం పోటీల్లో ఒక విమానం వేదిక మీదికి వస్తుంది.* "గుడ్లగూబ ముఠా పని. వేదిక మీద ముఖ్య అతిథి ఎవరో తెలుసా? లెక్కల టీచరమ్మ."

కందిరీగ ఈల వేయబోయి ఆపుకున్నాడు. రిటైరైన టీచరని లోకం అనుకునే ఆ ముసలావిడే దేశం మొత్తానికి రహస్య సంకేతాలు అల్లిపెడుతుంది. ఆవిడ పోతే ఆ అల్లికలన్నీ ఆవిడతోనే పోతాయి.

"పోటీ రద్దు చేయండి."

"చేస్తే ముఠా ఇంకో దారి చూసుకుంటుంది. ఈ దారైనా మనకి తెలిసిన దారి." మామయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ముప్ఫై రెండు విమానాలు దిగుతున్నాయి. మీ బావ దుకాణం చీటీ అతికించందే దేన్నీ మైదానంలోకి రానివ్వరు. అంటే ఆ విమానానికి చీటీ ఇవ్వాల్సింది కూడా ఆయనే. ఆయన ఎవరి మనిషో నాకు అంత నమ్మకం లేదు, కందిరీగా. ఆదివారం తేలకపోతే సోమవారం మీ అక్కని విచారణకి తీసుకొస్తాం."

"మా అక్కనా?"

"దుకాణంలో ఆవిడ కూడా ఉంటుందిగా."

కందిరీగ ఫొటో మీద వేలు పెట్టాడు. "సెటప్ చేసేటప్పుడు బావ ప్రొపెల్లర్ ఉంచడు సార్. ఇది ఎవరో తర్వాత బిగించారు."

"అలవాటు తప్పి ఉండొచ్చు."

"మా అక్క సంగతి మీకు తెలీదు సార్."

మామయ్య సొరుగులోంచి హియరింగ్ ఎయిడ్ ఒకటి తీసి ఇచ్చాడు. చెవిలో పెట్టుకుంటే అదే రేడియో. "ఆదివారం దాకా ఆ దుకాణంలో నువ్వు చెవిటి మెకానిక్‌వి. ముఠా లోపల మనకో మనిషి ఉంది. పేరు సీతాకోక. రెండేళ్లుగా ఆవిడిచ్చిన సమాచారం ఒక్కటీ తప్పు కాలేదు. కోడ్: 'బ్రేక్ ఉంచాలా, తీసేయాలా?' జవాబు: 'గాలి నిలిచేదాకా ఉంచండి.' ఆవిడ ఏం చెబితే అది చెయ్యి."

* * *

దుకాణం పొడుగాటి ఒకే గది, దాని వెనకే ఇల్లు. కప్పు నుంచి రెక్కలు వేలాడుతున్నాయి, జిగురు వాసన, వైరు ముక్కలు. మూలన కుట్టుమిషన్ ముందు అక్క కూర్చుని విమానాల రెక్కలకి గుడ్డ సంచులు కుడుతోంది. ఏడవడం లేదు. అదే కందిరీగని ఎక్కువ భయపెట్టింది.

"నువ్వు ఇన్సూరెన్స్ కంపెనీ అన్నావు కదరా," అంది తల ఎత్తకుండా.

"అవునక్కా."

"ఏ ఇన్సూరెన్సోడు చావింటికొచ్చి గోడలు తడుముతాడ్రా? నాకేమైనా కళ్ళు పోయాయనుకున్నావా?"

అక్క మిషన్ ఆపి గుమ్మం పక్కన గోడకున్న మేకు వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది.

"పెళ్ళైన కొత్తలో మీ బావ వేలి కొస ఎగిరిపోయింది, గుర్తుందా? విమానం ముక్కుకి ఫ్యాను ఉండగానే బ్యాటరీ పెట్టాడు, మోటారు కర్‌మని తిరిగింది. ఆ రోజు ఒట్టు పెట్టించుకున్నాను. ఫ్యాను ఊడదీసి నా చేతిలో పెట్టాకే బ్యాటరీ ముట్టుకోవాలి. నేను దాన్నక్కడ తగిలిస్తాను, పనయ్యాక నేనే తీసిస్తాను. ఇరవై రెండేళ్లు, ఒక్కరోజు తప్పలేదు. నాకు జ్వరమొస్తే మంచం దగ్గరికొచ్చి ఇచ్చిపోయేవాడు."

"మంగళవారం?"

"దారం కోసం బజారుకెళ్లా. వచ్చేసరికి మేకు ఖాళీ. వంటింటి గట్టు మీద పెట్టాడేమోనని ముందు అక్కడికెళ్లి వెతికానురా." ఆమె మిషన్ మీది దారం తెంపింది. "బల్ల వెనక పడి ఉన్న ఆయన్ని చూడకముందు."

కందిరీగ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎవరో తెలిస్తే నాకు ముందు చెప్పు," అంది అక్క. "మీ కంపెనీకి తర్వాత."

* * *

రెండు రోజుల్లో ఇరవై తొమ్మిది విమానాలు బల్ల ఎక్కి దిగాయి. తెచ్చిన ప్రతివాడూ అనుమానాస్పదంగానే కనిపించాడు. ఎర్ర విమానం పళ్ళ డాక్టరు దాన్ని బల్ల మీద పెట్టి కూడా చెయ్యి వదల్లేదు. బ్యాంకు మేనేజరు రెండుసార్లు వచ్చి పోటీ టైము ఎన్నింటికని అడిగాడు. చెవిటివాడు కదా అని అందరూ అతని చెవిలో కేకలు పెట్టేవారు. అసలే రేడియో ఉన్న చెవి, ప్రతి కేకకీ అవతల మామయ్య కూడా ఉలిక్కిపడేవాడు.

పని మాత్రం కందిరీగకి చేతకానిది కాదు. విమానం కడుపులో ఈఎస్‌సీ అనే చిన్న డబ్బా ఉంటుంది. మోటారుకి ఎంత కరెంటు వెళ్లాలో అదే చూసుకుంటుంది. రిమోట్ మీద వేగం పెంచే త్రాటిల్ స్టిక్ పైకి తోసి బ్యాటరీ తగిలిస్తే మోటారు బీప్ బీప్‌మంటుంది. స్టిక్ కిందికి లాగితే ఇంకోసారి. పై హద్దేదో, కింది హద్దేదో దానికి తెలిసిపోయినట్టే. స్టిక్ లాగకుండా పైనే ఉంచితే మిగతా సెట్టింగులు, మోటారు ఆగగానే ప్రొపెల్లర్‌ని నిలిపేసే బ్రేకు లాంటివి, ఒక్కొక్కటే బీపుల్లో వినిపిస్తాయి; కావలసింది వినబడగానే స్టిక్ దించాలి. చెవి ఉన్నవాడికే ఆ విద్య.

శుక్రవారం పదకొండింటికి ఆమె వచ్చింది. నల్ల కళ్ళజోడు, పట్టు స్కార్ఫు, చంకలో పసుపుపచ్చ విమానం. సెంటు వాసనకి జిగురు వాసన తలుపు దాటి పారిపోయింది.

"బ్రేక్ ఉంచాలా, తీసేయాలా?" అన్నాడు కందిరీగ.

"గాలి నిలిచేదాకా ఉంచండి." ఆమె ముందుకి వంగి గొంతు తగ్గించింది. "ఎర్ర విమానం. పళ్ళ డాక్టరు వాళ్ల మనిషి. మామయ్యకి చెప్పండి."

"మరి ఇది?"

"నా ముసుగు. పోటీలో నేనూ ఎగరేయాలిగా. పెద్ద మోటారు, కొత్త ఈఎస్‌సీ. సెట్ చేసి చీటీ ఇవ్వండి."

కందిరీగ తల ఊపి విమానాన్ని తిప్పి చూశాడు. అడుగున మూతతో ఒక గూడు, అరచెయ్యి పట్టేంత. ఖాళీగా ఉంది.

"కెమెరాకి," అందామె, అడక్కుండానే.

అతను ప్రొపెల్లర్ ఊడదీస్తుంటే ఆమె నిట్టూర్చింది. "పాపం ఉస్తాద్ కూడా ఇలా తీసి ఉంటే బతికేవాడు. ఎన్నిసార్లు చెప్పానో, ఫ్యానుతో సెటప్ చేయకు బాబాయ్ అని. వింటేగా!"

మూలన కుట్టుమిషన్ ఆగిపోయింది.

ఒక్క క్షణం. మళ్ళీ మొదలైంది, ఇందాకటికన్నా జోరుగా.

కందిరీగ మొహం కదలనివ్వలేదు. పేపర్లో కరెంట్ షాక్ అని ఉంది. ఫ్యాను సంగతి ముగ్గురికే తెలుసు: మామయ్యకి, తనకి, అక్కకి. నాలుగోవాళ్ళుంటే వాళ్ళు ఆ ఫ్యాను బిగించినవాళ్ళే. ఈ గూడు చూసి బావ చీటీ ఇవ్వనని ఉంటాడు.

అతను లోపలికెళ్లి స్క్రూడ్రైవర్ వెతుకుతున్నట్టు గొణిగాడు. "మామయ్యా, సీతాకోకే. బావని చంపింది ఆమే."

"నీకు మతిపోయిందా?" చెవిలో గుర్రుమన్నాడు మామయ్య. "రెండేళ్ల నా ఏజెంటు! నువ్వు నీ బావని కాపాడుకోవాలని చూస్తున్నావు. ఎర్ర విమానం మీద కన్నెయ్యి. ఆమెని ముట్టుకున్నావంటే ఉద్యోగం ఊడుతుంది."

ఇక మిగిలింది బల్ల మీది ఈ డబ్బా ఒక్కటే.

తిరిగొచ్చి ప్రొపెల్లర్‌ని అక్క చేతికిచ్చి, ఆమె దాన్ని మేకుకి తగిలించాక స్టిక్ పైకి తోసి బ్యాటరీ తగిలించాడు. బీప్ బీప్. స్టిక్ దించలేదు. ఆమె చెవి ఒగ్గి వింటోంది. ఆమెకీ ఈ విద్య వచ్చు. బ్యాటరీ నీరసిస్తే ఏం చేయాలో ఈఎస్‌సీకి ముందే చెప్పిపెట్టొచ్చు. మోటారుని మెల్లగా తగ్గించమనొచ్చు, టక్కున ఆపేయమనొచ్చు. బావ ఎప్పుడూ మెల్లగా తగ్గించేదే పెట్టేవాడు. పైకి పంపినవాణ్ణి ఒక్కసారిగా వదిలేయకూడదనేవాడు. కందిరీగకి ఈరోజు కావలసింది రెండోది. అది కూడా బ్యాటరీ కాస్త డీలాపడితే చాలు ఆగిపోయేట్టు. బరువు లేకుండా ఎగిరితే ఏమీ కాదు. బరువెత్తుకుని ఫుల్ త్రాటిల్ ఇస్తేనే వోల్టేజీ పడుతుంది.

ఆ బీపులు వచ్చే ముందు అక్క వైపు చూశాడు. ఇరవై రెండేళ్లు ఆ బీపుల మధ్య కుట్టిన మనిషి. ఆమె మందపాటి గుడ్డ మడత పెట్టి మిషన్‌ని గడగడలాడించింది. ఆ చప్పుడులో అతను స్టిక్ దించాడు.

"ఏంటా రొద!" విసుక్కుంది సీతాకోక. "ఇప్పుడు ఏ సెట్టింగు మార్చారు?"

"ఆఁ?"

"ఏం మార్చారూ అంటున్నా!"

"బ్రేకమ్మా! గాలి నిలిచేదాకా ఉంచమన్నారుగా!"

ఆమె నల్లద్దాల వెనకనుంచి అతన్ని చాలాసేపు చూసింది. మిషన్ ఆగింది. అక్క లేచొచ్చి మేకు మీది ప్రొపెల్లర్ తీసి, తమ్ముడి చేతికి కాకుండా సీతాకోక చేతికే ఇచ్చింది.

"జాగ్రత్తమ్మా," అంది. "పదునుగా ఉంది."

* * *

ఆదివారం పదింటికి మైదానం కిటకిటలాడుతోంది. వేదిక మీద టీచరమ్మ గొడుగు కింద కూర్చుని పిల్లల బహుమతుల మీద పేర్లు చదువుకుంటోంది. వేదిక ముందు, విమానాలు జనం మీద పడకుండా ఎత్తుగా కట్టిన వల. వలకి ఇవతల రాత్రి వానకి మెత్తబడిన బురద నేల.

ఎర్ర విమానం పేరు పిలవగానే మామయ్య మనుషులు నలుగురు పళ్ళ డాక్టరుని చుట్టుముట్టారు. విమానం మూత తెరిస్తే లోపల స్పాంజి ముక్క. డాక్టరు లబోదిబోమన్నాడు. జనమంతా అటు తిరిగారు.

అప్పుడే పసుపుపచ్చ విమానం కదిలింది.

చూడక్కర్లేదు, చప్పుడు చాలు. దుకాణంలో సన్నగా పాడిన మోటారు ఇప్పుడు మూలుగుతోంది. గూట్లో ఏదో ఉంది. విమానం నేల మీద చాలా దూరం పరిగెత్తి, కష్టం మీద లేచి, ఒక చుట్టు తిరిగి వేదిక వైపు ముక్కు పెట్టింది.

"మామయ్యా! పసుపుపచ్చది!"

చెవిలో గరగర తప్ప జవాబు లేదు.

వల దాటాలంటే పైకి లేవాలి. సీతాకోక స్టిక్ పైదాకా తోసింది.

మోటారు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో టీచరమ్మ కూడా తలెత్తి చూసింది. సీతాకోక తడబడలేదు. స్టిక్ కిందికి లాగి మళ్ళీ పైకి తోసింది, ఆగిన మోటారుని లేపే కిటుకు అదే. మోటారు మళ్ళీ అందుకుంది. విమానం ముక్కెత్తింది. వల అంచు మూరెడు దూరం.

మళ్ళీ ఆగింది.

విమానం కడుపుతో వలని రాసుకుని, రాయిలా ఇవతలి బురదలో దిగబడింది. గూటి మూత ఊడి, సీలు చేసిన రేకు డబ్బా ఒకటి బయటికి జారింది. పగలకుండా బురదలోకి మెత్తగా మునిగింది. ముసుగులేసుకున్న బాంబు స్క్వాడ్ దాని చుట్టూ ఇసుక బస్తాలు పేర్చేసరికి మామయ్య గొంతు తిరిగొచ్చింది.

"ఆమె ఎక్కడ?"

సీతాకోక రిమోట్‌తో సహా వెనక్కి అడుగేసింది. రెండో అడుగు పడలేదు. రిమోట్‌ని మెడకి తగిలించుకునే బెల్టు వెనకనుంచి బిగుసుకుంది. దాని కొస అక్క గుప్పిట్లో రెండు మెలికలు తిరిగి ఉంది.

"ఎన్నిసార్లు చెప్పావే ఆయనకి, ఫ్యాను తియ్యమని?" అంది అక్క, చెవి దగ్గర, నెమ్మదిగా. "నాకూ ఒకసారి చెప్పు, వింటాను."

స్క్వాడ్ వచ్చి విడిపిస్తే తప్ప ఆ గుప్పిట విడలేదు.

సాయంత్రం మామయ్య ఫైల్లో ఉస్తాద్ పేరు పక్కనున్న ప్రశ్నార్థకం కొట్టేసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కేసుకి సాక్ష్యాలన్నీ వచ్చాయి. ఆ విమానం ప్రొపెల్లర్ ఒక్కటే కనబడటం లేదు."

"మా అక్క ఊడదీసి మేకుకి తగిలించింది సార్."

"వెళ్లి తీసుకురా."

"నేను చెవిటివాణ్ని కదా సార్," అన్నాడు కందిరీగ, హియరింగ్ ఎయిడ్ తీసి బల్ల మీద పెడుతూ. "మీరే వెళ్లి అడగండి."