ముద్ర పడని ఏడుపు

మూడోసారి కూడా ఫోను ఆమెని నూకరత్నం కాదనే అంది.

మండపేటలో కాలువ గట్టుకి దగ్గర్లో ఉన్న చిన్న డాబా అది. పదకొండు గంటల ఎండ వసారాలో సగం దాకా వచ్చేసింది. ఫోను పట్టుకున్న చెయ్యి ఆమెదే. అందులో కనబడే ముఖమూ, వినబడే గొంతూ ఆమెవే. "మా ఆయన పొద్దున్న ఆరింటి నుంచీ కనబడ్డం లేదండి. తెల్ల లుంగీ, నీలం గళ్ళ చొక్కా. ఆయనకి మతిమరుపు జబ్బుందండి. ఎవరికైనా కనబడితే కాస్త కూర్చోబెట్టి నాకు కబురు చెయ్యండి," అని ఏడుస్తూ చెప్పింది. అంతా విన్నాక తెర మీద ఎర్రచుక్క వెలిగింది. కింద ఒక ముక్క రాసి ఉంది: ఈ వ్యక్తి నూకరత్నం కాదు, వీడియో ఎవరికీ పంపబడదు.

పక్కింటి వరహాలమ్మ తొంగిచూసింది. "అదేటే, నిన్ను పట్టుకుని నువ్వు కాదంటదేటి? పోనీ నా ఫోన్లోంచి పెడదామా?" అంది.

వరహాలమ్మ ఫోనులో పెట్టేవి చూసేవాళ్ళు ముప్ఫై రెండు మంది. అందులో సగం మంది ఆ వీధివాళ్ళే. ఆ వీధీ కాలువ గట్టూ వాళ్ళు పొద్దున్నే వెతికేశారు.

ఈ కథ జరిగే నాటికి లోకం కళ్ళతో చూసినదాన్ని నమ్మడం మానేసి చాలాకాలమైంది. దొంగ వీడియోలు అలా ముంచెత్తాయి మరి. చచ్చిపోయిన తాత లేచొచ్చి మనవరాలి పెళ్ళిలో అక్షింతలు వేసేవాడు. ఊరి మొహం చూడని నాయకుడు ఊరి వంతెనకి కొబ్బరికాయ కొట్టేవాడు. అన్నిటికన్నా ఎక్కువగా, బాగా పేరున్న మనిషెవరో తెర మీద బావురుమని, కష్టంలో ఉన్నాను ఆదుకోండి అని వేడుకునేవారు. అది ఆ మనిషో, ఎవడో తయారుచేసిన బొమ్మో తెలిసేది కాదు. జనం ఆదుకుని ఆదుకుని, మోసపోయి మోసపోయి, చివరికి సొంత తమ్ముడు ఫోన్లో ఏడ్చినా అనుమానంగా చూసే స్థితికి వచ్చారు.

అప్పుడు వచ్చింది నిజముద్ర. ఫోను కెమెరా పక్కన చిటికెనవేలి గోరంత చిప్. మనం మాట్లాడుతుంటే కంటికి కనబడని వెలుగొకటి మన ముఖం మీదికి పంపుతుంది. చర్మం కింద నెత్తురు ఎలా పారుతోందో, ఏ కండరం ఎప్పుడు బిగుస్తోందో, మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఎక్కడ తీస్తున్నామో చూసుకుంటుంది. మన పాత వీడియోలన్నిటి నుంచీ తయారుచేసి పెట్టుకున్న అచ్చుతో పోల్చి చూస్తుంది. సరిపోతే పచ్చచుక్క పడి వీడియో లోకంలోకి పోతుంది. సరిపోకపోతే గడప దాటదు. ముఖం చూపించని ఉత్త రాతనైతే ఎవరూ పట్టించుకునేవాళ్ళే కాదు. మామూలు జనం దగ్గర చూసీ చూడనట్టు పోయేది గానీ, లక్షమందికి పైగా అనుచరులున్న వాళ్ళ దగ్గర మాత్రం కాపలా చాలా గట్టిది. దొంగ కన్నం వేసేది కలిగినవాడి ఇంటికే కదా.

నూకరత్నానికి పన్నెండు లక్షల మంది ఉన్నారు.

ఆమె చానల్ పేరు "నూకరత్నం ఎటకారం". గోదావరి జిల్లాలో ఎటకారం కూరలో ఉప్పులాంటిది, అది లేకుండా ముద్ద దిగదు. కానీ దాన్ని పన్నెండు లక్షల మందికి వడ్డించిన మనిషి ఈవిడే. ఆరేళ్ళ కిందట ఆమె భర్త చిట్టబ్బాయి రిటైరై ఇంటికొచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళు కాలువ లస్కరుగా చేశాడు. అంటే లాకుల దగ్గర ఉండి తలుపులు ఎత్తి, దించి, చేలకి నీళ్ళు వదిలే ఉద్యోగం. రిటైరైన నెల్లాళ్ళకి ఒకరోజు గొడుగు పట్టుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాడు. నూకరత్నం ఫోను తీసి, "చూసేరాండీ, మా ఆయన గొడుక్కి ఉక్కపోత్తందంట," అని విరగబడి నవ్వింది. మర్నాటికి ఆ నవ్వుని నాలుగు లక్షల మంది చూశారు.

తర్వాత ఆమె రాజమండ్రిలో మూడు రోజుల క్లాసుకి కూడా వెళ్ళొచ్చింది. ఆన్‌లైన్‌లో పేరు ఎలా నిలబెట్టుకోవాలో చెప్పే క్లాసు. అక్కడి మాస్టారు ఒకే మాట నూరిపోశాడు: బ్రాండ్ అంటే ఒకే ముఖం, ఒకే గొంతు, జనం నవ్వు కోసం వస్తే నవ్వే పెట్టండి, ఇంకేం పెట్టకండి. ఆమె ఆ మాట తు.చ. తప్పలేదు. తల్లి పోయిన రోజున కూడా ముందెప్పుడో తీసి దాచుకున్న నవ్వు వీడియోనే పెట్టింది.

రెండేళ్ళ కిందట కాకినాడలో డాక్టరు చిట్టబ్బాయికి పరీక్షలన్నీ చేసి, ఇది మామూలు మరుపు కాదమ్మా, జబ్బు, పెరుగుతుందే తప్ప తగ్గదు అని చెప్పాడు. నూకరత్నం ఇంటికొచ్చి ఆ మధ్యాహ్నమంతా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. అది ఎవరూ చూడలేదు, ఫోను అసలే చూడలేదు. మర్నాడు ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుంటే మళ్ళీ నవ్వుతూ వీడియో తీసింది.

ఇలా చెబుతుంటే ఆమె ఎంత కఠినురాలో అనిపిస్తుంది. కాదు. కెమెరా కనబడితే చిట్టబ్బాయి తల దువ్వుకునేవాడు. తనని చూసి జనం నవ్వుతున్నారంటే మురిసిపోయేవాడు. వీధిలో ఎవరైనా "బాబాయ్‌గారూ" అని పలకరిస్తే, వాళ్ళెవరో తెలియకపోయినా ఆ పూటంతా హుషారుగా ఉండేవాడు. అన్నీ పోతున్న మనిషికి మిగిలిన ఒక్క సంతోషాన్ని తన చేత్తో తీసెయ్యడానికి నూకరత్నానికి మనసొప్పలేదు. మూడుసార్లు ఆయన బజారు నుంచి వస్తూ దారి తప్పాడు. మూడుసార్లూ ఆమె వెనకాలే వెళ్ళి పట్టుకుని, "మా ఆయన తప్పిపోయేడండోయ్" అని వీడియో పెట్టింది. జనానికి అన్నిటికంటే అవే ఇష్టం. అది జబ్బని ఆమె ఎవరికీ చెప్పలేదు, అది నటన అని వాళ్ళే అనుకున్నారు.

ఆ ఉదయం ఆమె పాలు కాచి వచ్చేసరికి వీధి తలుపు తీసి ఉంది. మంచం ఖాళీ.

స్టేషన్లో కానిస్టేబులు మర్యాదగానే ఫిర్యాదు రాసుకున్నాడు. "మేం చూస్తామమ్మా. కానీ మా నోటీసు చూసేవాళ్ళు వందమంది ఉంటే ఎక్కువ. మీరొక్క వీడియో పెట్టండి, గంటలో దొరుకుతారు," అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఆ ఒక్క వీడియోనే వెళ్ళడం లేదు.

నాలుగోసారీ ఎర్రచుక్కే పడ్డాక ఆమె నిజముద్ర హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. ఒకరి తర్వాత ఒకరికి చెప్పుకోగా చెప్పుకోగా, చివరికి హైదరాబాదులో ఆ చిప్ తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ ప్రసూన లైన్లోకి వచ్చింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి, యాభై ఏళ్ళుంటాయి. నూకరత్నం పంపబోయిన నాలుగు వీడియోలూ తన దగ్గర చూసుకుంది.

"అమ్మా, ఇవి మీవేనని నేను నమ్ముతున్నాను," అంది. "కానీ మెషిన్ నమ్మదు. దాని తప్పు కూడా కాదు. దాని దగ్గర మీ వీడియోలు రెండువేల పైన ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మీరు ఏడవలేదు. ఏడ్చేటప్పుడు మనిషి ముఖంలో కండరాలు వేరేగా కదులుతాయి. గొంతు మారుతుంది, ఊపిరి మారుతుంది. దానికి మీరు వేరే మనిషి."

"మనిషన్నాక ఏడవదా అండి?"

"ఏడుస్తుంది. కానీ దొంగ వీడియోల్లో నూటికి ఎనభై ఏడుపులే. అందుకని ఏడుపు దగ్గర దాన్ని మరీ జాగ్రత్తగా ఉండమని నేర్పాం."

"పోనీ, మీరు తయారుచేసిందే కదండీ. ఈ ఒక్కపూటకీ మీ చేత్తో తలుపు తియ్యండి. ఆయనకి నీళ్ళంటే భయం లేదండి, కాలువలంటే ప్రాణం. నాకదే భయంగా ఉంది."

"ఆ తాళంచెవి మా దగ్గర కూడా లేదమ్మా. ఉంటే ఎవరో ఒకరు కొనేస్తారని అసలు తయారే చెయ్యలేదు. మీ ఏడుపుని కొత్తగా నేర్పాలంటే వంద రోజులు పడుతుంది."

"వంద రోజులు," అంది నూకరత్నం.

"ఒక దారుంది. మాటలు నిజమే చెప్పండి. ముఖం మాత్రం మీరు రోజూ పెట్టేదే పెట్టండి. నవ్వుతూ చెప్పండి. వెంటనే వెళ్ళిపోతుంది."

ఆ సలహాలో చెడు ఉద్దేశం రవ్వంత కూడా లేదు. మెషిన్ దాటితే చాలు, ఆ తర్వాత ఉన్నది మనుషులే కదా, మాట అర్థమైతే పరిగెత్తుకొస్తారు అనుకుంది ప్రసూన. నూకరత్నమూ అదే అనుకుంది.

ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని వచ్చి వసారాలో నిలబడింది. వరహాలమ్మ ఫోను పట్టుకుంది. "ఏవండోయ్, మా ఆయన తప్పిపోయేడండోయ్," అని మొదలుపెట్టి నవ్వింది. "ఈసారి నిజంగానండి. పొద్దున్న ఆరింటికి పోయిన మనిషి. తెల్ల లుంగీ, నీలం గళ్ళ చొక్కా. జబ్బు మనిషండి, నటన కాదండి. కనబడితే ఒక్క ఫోన్ కొట్టండి బాబూ." మధ్యలో ఒకచోట గొంతు జీరబోతే దాన్ని కూడా నవ్వులో కలిపేసింది. పచ్చచుక్క పడింది.

అప్పటికి పన్నెండు దాటింది. గంటలో ఏడు లక్షల మంది చూశారు.

ఫోన్లు రావడం మొదలైంది. మొదటివాడు, "బాబాయ్‌గారు మా బీరువాలో దాక్కున్నారండి," అని పగలబడి నవ్వాడు. రెండో ఆవిడ, "ఈసారి నిజంగానండి అన్నారు చూడండి, అక్కడ చచ్చిపోయామండి నవ్వలేక," అంది. నూకరత్నం ఏడుస్తూ నిజమేనమ్మా అని చెప్పబోతే, "అబ్బ, ఏడుపు కూడా ఎంత బాగా చేత్తారండీ," అంది ఆవిడ. వచ్చిన ఫోన్లన్నీ ఇలాంటివే. అయినా ఒక్క ఫోనూ ఎత్తకుండా వదల్లేదు, అందులో ఏది నిజమైన కబురో తెలియదు కదా. ఫోన్లో ఇంకేం చూడ్డానికీ తీరిక లేకపోయింది.

సాయంత్రం ఐదున్నరకి కానిస్టేబులు స్వయంగా వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చిట్టబ్బాయి పనిచేసిన పాత లాకుల దగ్గర, కాలువలో, తలుపులకి ఆనుకుని దొరికాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. డ్యూటీకి వెళ్ళేనని అనుకుని ఉంటాడమ్మా, ఎప్పట్లాగే నీళ్ళు చూసుకోడానికి వంగి ఉంటాడు, తప్పిపోయానన్న దిగులు కూడా తెలియకుండా పోయాడు, అదృష్టవంతుడు. నూకరత్నం ఆ మాటని గట్టిగా పట్టుకుంది. ఆ పదిరోజులూ ఆమె నాలుగు మెతుకులు తిన్నదన్నా, ఒక కునుకు తీసిందన్నా ఆ మాట వల్లే.

పెద్దకార్యం రోజున ప్రసూన హైదరాబాదు నుంచి వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. భోజనాలై చుట్టాలు సర్దుకుంటుంటే, వసారాలో నూకరత్నం ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీకొకటి చూపించాలమ్మా," అంది. "చూపించాలా వద్దా అని చాలా ఆలోచించాను. మీకు చెందినది మీకు తెలియకుండా మా దగ్గర ఉంచుకోవడం తప్పనిపించింది."

"ఏటండి అది?"

"ఆ రోజు ఆయన్ని చాలామంది చూశారు."

ప్రసూన టాబ్లెట్ తెరిచింది. ముద్ర పడిన ప్రతి ఫొటోలోనూ ఎవరున్నారో వెతికి పట్టుకోగలదు ఆ మెషిన్, కాకపోతే అన్నిటినీ జల్లెడ పట్టడానికి దానికి వారం పట్టింది. చిట్టబ్బాయి ఉన్నవి ముప్ఫై ఏడు దొరికాయి, టైము ప్రకారం వరసగా పేర్చి ఉన్నాయి. పన్నెండూ ఇరవైకి బస్టాండులో, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళ మధ్య. ఒంటిగంటకి చెరకురసం బండి దగ్గర, చేతిలో గ్లాసుతో. దాని కింద "తప్పిపోయిన బాబాయ్ మా దగ్గరున్నారు, పిన్నిగారికి చెప్పకండేం" అని రాసి ఉంది. రెండున్నరకి బట్టల కొట్టు ముందు, కుటుంబమంతా ఆయన చుట్టూ నిలబడి. ఒక్కో ఫొటోలో ఆయన లుంగీ అంచు ఇంకాస్త మట్టిపడుతూ వచ్చింది. అన్నిటికీ పచ్చచుక్క ఉంది.

చివరిది వీడియో. నాలుగూ ఐదుకి, లాకులకి వెళ్ళే రోడ్డు మీద తీసింది. ఎవరో ఆడపిల్ల గొంతు ముందు వినబడింది.

"బాబాయ్‌గారూ, పిన్నిగారు మిమ్మల్ని వెతుకుతున్నారంట కదండీ?"

"ఎవరమ్మా?"

"మీ ఆవిడండి."

"ఆయ్, మా ఆవిడ," అన్నాడు చిట్టబ్బాయి. ముఖం ఒక్క క్షణం విప్పారింది. తర్వాత అటూ ఇటూ చూశాడు. "ఇల్లెక్కడో తెలీట్లేదమ్మా. తప్పిపోయేను. పొద్దున్నుంచీ అందర్నీ అడుగుతున్నాను, నవ్వుతున్నారు. కాస్త దిగబెడతారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. "ఏం యాక్టింగండీ బాబూ," అంది ఆ పిల్ల. చిట్టబ్బాయి వాళ్ళందరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి మర్యాదకి తనూ కొంచెం నవ్వాడు. వీడియో అక్కడితో ఆగింది.

నూకరత్నం చాలాసేపు ఆ ఆగిపోయిన బొమ్మనే చూసింది.

"అడిగేరండి ఆయన," అంది చివరికి. "తప్పిపోయేనని ఆయనకి తెలుసు."

"ఆ సలహా నేనే ఇచ్చానమ్మా," అంది ప్రసూన. "నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు..."

"మీరు చెప్పింది ఆ ఒక్కపూటేనండి. ఆయన్ని చూసి నవ్వడం ఆరేళ్ళుగా నేర్పింది నేను." నూకరత్నం టాబ్లెట్ వైపు చెయ్యి చూపించింది. "ఇది ఎవరైనా తయారుచేసింది అయ్యుండొచ్చు కదండీ? ఇలాంటివి చేత్తారని మీరే చెప్పేరు."

ప్రసూన జీవితంలో పన్నెండేళ్ళు ఆ ప్రశ్నకి అనుమానం లేకుండా జవాబు చెప్పగలగడం కోసమే పోయాయి.

"దొంగదని ఒక్కమాట అనండి చాలు," అంది నూకరత్నం. "మీరంటే నమ్ముతాను."

ప్రసూన చూపు తెర మూలనున్న పచ్చచుక్క మీదే ఉండిపోయింది.