దస్తీ వేసిన సీటు

కరోనా పట్టుకున్నది నా కొడుకును. ఒళ్లు కాలింది మాత్రం మనుమడు మాథ్యూకు. ఆ పొద్దు వాని నెత్తి మీద అప్పడం పెడితే వేగుతుండె. నూనె గూడ అక్కర్లేదు.

సంగతేందంటే, పాశమైలారం మందుల కంపెనీకి పోయే బస్సు కర్దనూర్‌ల మా ఇంటి ముందల్నే ఆగుతది. అండ్ల, తనతోని పనిచేసే ఏంజెలిన్ పక్క సీటు మావోనిది. నాయినకు పాజిటివ్ వచ్చిందని వాడు ఒక్కరోజు ఇంట్లుంటే, ఆ సీట్ల అదే కంపెనీల పనిచేసే పవన్ కూసున్నడు. మిద్దె మీదికెల్లి వీడు కండ్లార చూసిండు.

"తాతా, నాకు రెండు డోసులైనయి. డోసులైనోళ్లు రావొచ్చని కంపెనీ అన్నది. రేపు పోత."

"డోసులు నాకూ అయినయి. ఆ పిల్ల పక్కన నన్ను కూసోమంటవా?"

వాడు నవ్వలే. తెల్లారంగనే బస్సు కాడికి ఉరికి, జేబుల నీలి దస్తీ తీసి కిటికీలకెల్లి సీటు మీద ఏసిండు. "సీటు నాది."

ఏంజెలిన్ మాస్కు ముక్కు మీదికి గుంజుకొని ఫుట్‌బోర్డు మీద అడ్డం నిలవడ్డది. "మీ నాయినకు పాజిటివ్ గదా."

"నాకు డోసులైనయి."

"మా నానమ్మకు కాలే. సూది పేరెత్తితే దాక్కుంటది. అసలే దమ్ము బీమారి ఉన్న మనిషి. నీకేం గాకున్నా, నీ నుంచి నాకు, నా నుంచి ఆమెకు వస్తే?"

"కంపెనీ రమ్మన్నది."

"నీ పక్కన కూసునేది కంపెనీయా?"

మావోడు ఒక కాలు మెట్టు మీద పెట్టిండు.

"సరే, ఎక్కు. వెనక కూసో. నా దిక్కు రాకుంట ఉంటవా?"

"నాతోని కాదు," అన్నడు మాథ్యూ.

"అందుకే ఎక్కకు," అన్నది. మాస్కు మీదికెల్లి కండ్లు మాత్రం నవ్వినయి.

లోపటికెల్లి పవన్, "ఫికర్ చెయ్యకు అన్నా, నేనున్న గదా" అన్నడు.

బస్సు పోయింది. దస్తీ గూడ పోయింది.

వాడు అన్నం ముట్టలే. "దస్తీ మీద పవనే కూసున్నడు కావొచ్చు తాతా."

"దస్తీకి ఇజ్జత్ ఉంటదిరా. ఒకపారి సంగారెడ్డి బస్సుల నేను తువ్వాల ఏస్తే, ఎద్దు సుత సీటు ఇడిసి నిలవడ్డది."

మర్నాడు మిద్దె మీదికెల్లి ఇద్దరం చూసినం. బస్సు కిక్కిరిసున్నది. పవన్ రాడ్డు పట్టుకొని ఊగుతున్నడు. ఏంజెలిన్ పక్క సీటు ఖాళీ, మీద నీలి దస్తీ.

ఆ సాయంత్రమే వానికి అసలు జరం వచ్చింది. టెస్టుల పాజిటివ్. ఏంజెలిన్‌కు ఫోన్ చేసి, "నిన్న నీ పక్కన కూసునేటోన్ని" అని మెల్లగ అన్నడు. ఆమె, "మా నానమ్మ మంచిగున్నది. నువ్వు మాత్ర ఏసుకో" అన్నది.

డోసులు పడ్డందుకు తేలిగ్గనే పోయింది. నెగెటివ్ వచ్చినంక, చినుకులు పడుతుంటే బస్సు కాడికి పోయిండు. సాగనంపుతనని నేను గూడ పోయిన. తమాషా ఇడుస్తనా?

వాడు సీట్ల కూసోని చెయ్యి చాపిండు. "నా దస్తీ ఇయ్యి."

"ఉడుకునీళ్లల్ల ఉడకబెట్టి రోజూ ఏసిన," అని ఆమె మడత పెట్టి తన బ్యాగుల ఏసుకున్నది. "సీటుకు నువ్వొచ్చినవ్. దస్తీ నాకుండనియ్యి."

ఆదివారం చర్చిల ఏంజెలిన్ వాళ్ల నానమ్మ లీలమ్మతోని వీళ్లిద్దరి పెండ్లి మాట కదపాలె. ఆమె బెంచి మీద ముందుగాలనే నా తువ్వాల ఏసి పెడుత.