నమాజు బట్టల మీద మసి

"ఆ ఇంజనీరు మత్రావిని ఉరి తీయించాలి! నీ చేతనవుతుందా, కాదా?"

వచ్చీ రాగానే మర్వియా డిటెక్టివ్ రెత్నోవులాన్ బల్ల మీద గుద్దింది. సురబయ రేవులో చేపలమ్ముకునే మనిషి. పెద్ద ఓడలను గట్టుకు నెట్టే టగ్గు పడవలో పనిచేసే ఆమె ఒక్కగానొక్క కొడుకు సుబైది నాలుగు రోజుల కిందట చచ్చిపోయాడు. టగ్గు ఓడకూ గట్టుకూ మధ్య చిక్కుకుని నలిగింది. కెప్టెన్ ఎంత అరిచినా ఇంజను వేగం అందుకోలేదు. మత్రావి నిద్రపోయాడని కంపెనీ చెప్పింది, పోలీసులు అతన్ని లోపలేశారు.

రెత్నోవులాన్ సహాయకుడు జత్మికో మంచినీళ్ళిస్తే మర్వియా ముట్టలేదు.

"వాడి పడవ తగలబడ! గట్టు మీద ఆరేసిన నా నమాజు బట్టలు కూడా మసి చేసింది."

"మసి ఎప్పుడు పడిందమ్మా?"

"పడవ నలిగే ముందే. నల్లటి పొగ గుప్పుమంది. కొడుకు పోయి నేనేడుస్తుంటే పొగ గోలేంటి నీకు?"

రెత్నోవులాన్ అప్పటికే లేచి నిలబడింది.

టగ్గు ఇంజను గదంతా జిడ్డే. వేడి తగలకుండా పొగగొట్టానికి చుట్టిన గుడ్డ మాత్రం కొత్తది. జత్మికోకు అందులో వింతేమీ తోచలేదు. లాకప్పులో ఆ గుడ్డ సంగతి అడిగితే మత్రావి మాత్రం భగ్గుమన్నాడు.

"పండక్కి ఊరెళ్ళొచ్చేసరికి చుట్టేశారమ్మా. అప్పట్నుంచి ఇంజను మూలుగుతూ లేస్తోంది. మా ఇంజన్ల పెద్ద విదగ్దోకి చెబితే, 'ముసలాడివయ్యావు, చెవులు బాగుచేయించుకో' అన్నాడు."

మర్నాడు రెత్నోవులాన్ మర్వియానూ విదగ్దోనూ ఇంజను గదికి రప్పించింది. ఇన్‌స్పెక్టర్ మత్రావినీ తీసుకొచ్చాడు.

"ఇంధనానికి తగ్గ గాలి అందకపోతే నల్ల పొగ వస్తుంది. అంటే మత్రావి ఇంధనం పెంచాడు. నిద్రపోయినవాడు పెంచుతాడా?" అంటూ ఆమె కత్తితో గుడ్డ చీల్చింది. లోపల ఒకటే లావుపాటి గొట్టం.

"ఇక్కడ సన్న గొట్టాలుండేవి. పొగ దెబ్బ దెబ్బగా తగిలి, ఇంజనులోకి గాలి నెట్టే టర్బోను వెంటనే తిప్పేది. ఈ లావు గొట్టం పొగతో నెమ్మదిగా నిండాకే టర్బో తిరుగుతుంది. నడిసంద్రంలో ఒకే వేగంతో పోయే ఓడకు ఇదే మేలు, ఇంధనం ఆదా. క్షణంలో బలం కావాల్సిన టగ్గుకు ఇది ఉరితాడు! అందరూ పండక్కి వెళ్ళినప్పుడు దీన్ని మార్చిందెవరు, విదగ్దో సార్?"

"రెండు పద్ధతులూ పోల్చి చూశాను! పక్క టగ్గులో పాతది, దీన్లో కొత్తది. కొత్తదే మేలని అంకెలతో సహా నివేదిక రాశాను!"

"అన్నీ నిండు వేగం అంకెలే. ఇంజను ఎంతసేపట్లో లేస్తుందో కొలిచావా? లేదు. ఆ తప్పు బయటపడుతుందని ఈ పెద్దాయన మీదికి తోశావు!"

జత్మికోకు ఒళ్ళు మండిపోయింది.

మర్వియా మత్రావి ముందుకొచ్చింది. "నీకు ఉరి పడాలన్నాను, అన్నా. నా నోరు పడిపోను," అంది. తర్వాత తిన్నగా వెళ్ళి విదగ్దో కాలరు పట్టుకుంది.

"అన్నీ పోల్చావుగా దొరా! అంకెలన్నీ వేశావుగా! నా కొడుకుని ఏ గడిలో రాశావురా? చెప్పు!"

విదగ్దో వెనక్కి లాక్కున్నాడు. ఆమె పట్టు వదల్లేదు. విడిపించడానికి ఇన్‌స్పెక్టర్ కూడా తొందరపడలేదు.