మ్యాపుకెక్కని సమాధుల తోట

"ఏమయ్యా, ఆ కర్ర తీస్తావా? మా నాన్న గుండెల మీద పెట్టావు."

క్లీవన్ ఉలిక్కిపడి చూశాడు. గడ్డిలో సగం కూరుకుపోయిన చెక్క శిలువ. సర్వే కర్రను గభాల్న లాగేశాడు.

"క్షమించండి, చూసుకోలేదు."

"ఇప్పుడు నిలబడింది మా మేనత్త మీద."

అతను ఎగిరి గంతేశాడు. వెనక నిలబడి మాట్లాడుతున్న పిల్ల నవ్వాపుకోలేకపోయింది. పేరు ఎర్లీన్, బడిలో టీచరు. అమెరికాలోని మాంట్‌గమరీలో నల్లవాళ్ళందరూ వివక్షకు నిరసనగా బస్సులు మానేసి కాలినడకన తిరుగుతున్న ఏడాది అది. ఆ సాయంత్రం క్లీవన్ ఆమెను ఇంటిదాకా దిగబెట్టాడు. మర్నాడూ వచ్చాడు.

"మీ ఇల్లు ఇటేనా?"

"కాదు, పూర్తిగా అటు."

"మ్యాపులు చేసేవాడివి, దారి తెలీదూ?"

"తెలిసే వస్తున్నాను."

ఎర్లీన్ తలొంచుకుని నవ్వింది. "అయితే మా సమాధుల తోటని మ్యాపుకెక్కించు. కాగితమ్మీద లేని నేలని ఎవడైనా తన్నుకుపోతాడు."

"ఎక్కిస్తాను. మాటిస్తున్నా."

క్లీవన్ ఆ చోటు గుర్తించి పేరు రాసిచ్చాడు. పై అధికారి హాస్కిన్స్ అనే తెల్లాయన దాన్ని రబ్బరుతో చెరిపేశాడు. "రాయి లేదు, గోడ లేదు. ఖాళీ నేల." నల్లవాడు ఎదురు చెబితే ఉద్యోగం పోతుంది. క్లీవన్ నోరు మెదపలేదు. ఎర్లీన్‌కీ చెప్పలేదు.

రెండేళ్ళకు మ్యాపు అచ్చయి బడికొచ్చింది. ఎర్లీన్ వేలితో వెతికింది. చర్చి ఉంది. వాగు ఉంది. నాన్న లేడు.

ఆ సాయంత్రం క్లీవన్‌ని గుమ్మంలోనే ఆపింది. "నీకెప్పుడు తెలిసింది?"

"చెరిపిన రోజే."

"రెండేళ్ళు నా పక్కనే నడిచావు కదా, క్లీవన్!"

తలుపు వేసేసింది.

మరుసటి వేసవిలో కొత్త రోడ్డు అటే వచ్చింది. చర్చివాళ్ళు కాళ్ళావేళ్ళా పడితే సమాధులు తవ్వి తరలించుకోవడానికి శనివారం దాకా గడువిచ్చారు. మొదటిరోజు పొద్దున్నే క్లీవన్ పారతో వచ్చాడు.

"ఉద్యోగం?" అంది ఎర్లీన్.

"మానేశాను."

"ఇప్పుడు మానేస్తే ఏం లాభం?"

"ఏమీ లేదు."

అతను తవ్వాడు. ఆమె నాన్నవి నాలుగు ఎముకలు, కోటు గుండీలు దొరికాయి. ఎర్లీన్ ఏడవలేదు, వాటిని ఉంచిన పెట్టెకి రెండో కొస పట్టుకుంది. శనివారం వాన మొదలయ్యేదాకా ప్రతి పెట్టెకీ ఆ కొస ఆమే పట్టింది.

"క్షమించమని అడగను," అన్నాడు బురదలో నిలబడి. "పెళ్ళి చేసుకోమని అడుగుతున్నాను. ఇక భయపడి నీ దగ్గర ఏదీ దాచను."

పక్కనే ఉన్న ఎర్లీన్ వాళ్ళమ్మ అందుకుంది: "అమ్మాయ్, వాడి చేతులు నెత్తురోడుతున్నాయి. ఇంటికి తీసుకొచ్చి కట్టు కట్టు. మిగతాది జీవితమంతా తేల్చుకుందురుగాని."

అక్టోబరులో పెళ్ళయింది. తీయలేకపోయిన ముప్పై ఒక్క సమాధుల మీద రోడ్డు వేశారు. ఆ రోడ్డున వాళ్ళిద్దరూ ఏనాడూ ప్రయాణించలేదు.